నిమ్మకాయ కోసిన పూట

"కిటికీలన్నిటికీ దుప్పట్లు కడితే గాలి యాడినుంచి వస్తాది అత్తా? కడుపుతో ఉండే మనిషి ఉడికిపోతాది," అంది రశ్మి మళ్లీ.

"ఉడికితే ఉడకనీ. గ్రహణం విడిచేదాకా అంతే. బిడ్డ మూతి బాగుండాల." వాసవాంబ దుప్పటి కొసను మేకుకు బిగించింది. "నీకూ చెప్పినా. విన్నావా?"

విననిదానికి గుర్తు వరండాలో ఉంది. అక్కడ కూర్చుని బొమ్మలు వేసుకుంటున్న యశస్ పైపెదవి మీద కుట్ల గీత. చింతామణిలో ఆ ఇంటి పెద్దకోడలు రశ్మి ఏడో నెలలో, గ్రహణంవేళ నిమ్మకాయ కోసిందనీ, అందుకే పిల్లవాడికి గ్రహణమొర్రి వచ్చిందనీ చుట్టాలందరికీ తెలుసు. కళ్లు తిరుగుతున్నాయి, కాస్త నిమ్మరసం ఇమ్మని ఆ పూట అడిగింది మామ గోవిందప్ప అని మాత్రం ఎవరికీ తెలియదు. ఆయనే చెబుతాడని రశ్మి ఏళ్లుగా ఎదురుచూస్తూ ఉంది.

పోయిన వారం బెంగళూరులో డాక్టరమ్మ, యశస్ తుంటి ఎముక కొంచెం తీసి చిగుళ్ల చీలికలో పెడతామంది. తుంటిది ముఖంలో అతుక్కుంటుందా అని రశ్మి అడిగితే కాగితం మీద పిండం బొమ్మ గీసింది. పిండం వీపు వెంట పుట్టిన కణాలు కొన్ని కదిలి ముందుకొచ్చి దవడా, పెదవీ అవుతాయట. తుంటి కణాలు పుట్టేది వేరే పొరలో. అయినా ఎముక కట్టే పని రెండింటికీ వచ్చట.

"పెదవి కలవాల్సింది రెండో నెల దాటేలోపే. ఎందుకు కలవలేదో చెప్పలేం."

"ఏడో నెలలో చేసిన తప్పుకు..."

"అప్పటికి పెదవి పని ఎప్పుడో ముగిసింది కదమ్మా."

తిరుగు బస్సులో రశ్మి ఊరొచ్చేదాకా ఏడ్చింది. అది సంతోషం కాదు, లేని తప్పును ఇన్నేళ్లు మోసినందుకు.

ఇప్పుడు అదంతా అత్తకు చెప్పింది. బీఎస్సీ చదివిన చిన్నకోడలు భూమిక తలూపింది. "నిజమే అక్కా, మేమూ చదివినాం." తర్వాత వరండా వైపు చూసి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "అయినా నేను లోపలే కూర్చుంటా. మనకెందుకు రిస్కు?"

"చదువుకున్నదే చెప్తాండాది చూడు," అంది వాసవాంబ.

యశస్ గడప దగ్గరికొచ్చాడు. "అవ్వా, నేనూ చిన్నమ్మతో రూములో కూర్చునేదా?"

"వద్దప్పా. కడుపుతో ఉండే మనిషికి నువ్వు ఎదురుగా ఉండగూడదు."

రశ్మి మామ వైపు చూసింది. ఆయన పేపరు మడిచి, మళ్లీ విప్పుకున్నాడు.

ఆదివారం కాబట్టి, గ్రహణం విడిచాక భోజనానికి బాగేపల్లిలో అంగడి చూసుకునే రశ్మి భర్త నందకిశోర్ కూడా ఉన్నాడు. రశ్మి అందరికీ వడ్డించి, మామకు మజ్జిగ పోసింది.

"నిమ్మకాయ ఎవరడిగినారో మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి మామా," అంది మెల్లగా. "ఆపరేషన్ అయినాక నేనూ యశస్సూ ఈ ఇంటికి రాము. బాగేపల్లి అంగడి పైన రూములో ఉంటాం. వాడి స్కూలు కూడా ఇంక ఆడే. ఈయనకు రోజూ బస్సులో తిరిగే పని తప్పుతాది."