మేకలు తినకూడని పచ్చగడ్డి

సుధాకరరావుకు మేకల గురించి తెలిసింది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. నగరం నడిబొడ్డున రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం మానేసి, శివార్లలో చోవా చూ కాంగ్ అవతల ఒక మేకల ఫారంలో వాటాదారుగా చేరాడు. అప్పటినుంచి ఏ పుట్టినరోజు విందుకు పిలిచినా వ్యవసాయం మీద ఉపన్యాసమే. విన్నవాళ్లు ప్లేట్లు పట్టుకుని మెల్లగా పక్కకు తప్పుకుంటే, ఆలోచనలో పడ్డారనుకునేవాడు.

ఫారం వెనక మడిలో మేకల కోసం నేపియర్ గడ్డి పెంచేవారు. మేకలకు వైద్యం చేసే అరుంధతికి ఆ వారం ఆ మడిని చూస్తే భయం వేసింది. పక్క దేశపు అడవి మంటల పొగ ఊరంతా కమ్మి ఎండ జాడే లేదు. గడ్డి మాత్రం నలుపు తిరిగేంత పచ్చగా ఉంది.

“యూరియా ఎంత వేశారండీ?”

“డబుల్ వేయించానమ్మా! ఫోటోలో ఎలా ఉందో చూడు, కార్పెట్‌లా లేదూ?”

“ఎండ లేనప్పుడు గడ్డి అంత ఎరువు వాడుకోలేదు. నైట్రేటుగా కాడల్లో దాచుకుంటుంది. అది మేక కడుపులో విషమవుతుంది. శాంపిల్ టెస్ట్‌కి పంపుతాను. రిజల్ట్ వచ్చేదాకా కోయకండి, ఎండుగడ్డే పెట్టండి.”

“మా తాత పెద్ద రైతమ్మా. నాకు గడ్డి గురించి చెబుతావా?”

తాతగారి పొలాన్ని అతను కారులోంచి తప్ప చూడలేదని అతని భార్య కల్పన ఒకసారి అంది. అరుంధతి శాంపిల్ కోసుకుని షెడ్డు వైపు నడిచింది. అతని ముఖం చూడటం కంటే మేకల పేడ చూడటం నయమనిపించింది.

రిజల్ట్ ఇంకా రాకముందే, శనివారం ఫారం ప్రచారానికి వీడియో తీయించాలని సుధాకరరావుకు బుద్ధి పుట్టింది. గడ్డిని మొదలంటా కోయించి, పొద్దున్నే పరగడుపున ఉన్న మేకల ముందు గుట్టగా పోయించాడు. మేకలు ఆబగా తిన్నాయి. కాసేపటికే రొప్పుతూ, తూలుతూ, ఒక్కొక్కటే కూలబడ్డాయి.

కల్పన ఫోన్ చేయగానే అరుంధతి పరుగున వచ్చింది. సిరంజిలోకి తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంది, నైట్రేటు విషమే. విరుగుడుగా నీలం మందు నరానికి ఎక్కించడం మొదలుపెట్టింది.

“ఫుడ్ పాయిజన్‌లా ఉంది. ఆ ఎండుగడ్డి అమ్మినవాడి మీద కంప్లైంట్ పెడదాం,” అన్నాడు సుధాకరరావు.

“ముందు దీని తల పట్టుకోండి.”

అతను తన తెల్లచొక్కా చూసుకున్నాడు. “ఇది ఇప్పుడే ఇస్త్రీ చేయించింది…”

కల్పన భర్తను పక్కకు నెట్టి, పేడలో మోకాళ్లూని మేక తల ఒళ్లోకి తీసుకుంది. సాయంత్రానికి చాలా మేకలు లేచాయి. చూడి మేకలు రెండు మాత్రం లేవలేదు. వాటి కళ్లు మూస్తున్నప్పుడు కల్పన ఏడ్చింది. సుధాకరరావు వీడియో డిలీట్ చేస్తున్నాడు.

టెస్ట్ రిజల్ట్ అరుంధతి చెప్పినట్టే వచ్చింది. మిగతా వాటాదారుల ఎదుట కల్పన తేల్చేసింది: “ఇకమీద మడి సంగతి డాక్టరుగారే చూస్తారు. ఈయన దాన్ని ముట్టుకోరు.”

అరుంధతి యూరియాను కొద్దికొద్దిగా, విడతలుగా వేయించింది. మబ్బు రోజుల్లో కోత ఆపించింది. కోసినప్పుడు మొదళ్లు వదిలేసి, పైభాగాన్నే టెస్ట్ చేయించి, ఎండుగడ్డి కలిపి పెట్టించింది. మళ్లీ ఏ మేకా కూలబడలేదు.

సుధాకరరావుకు ఒక టోపీ, మైకు ఇచ్చి, ఫారం చూడటానికొచ్చే బడిపిల్లలను తిప్పే పని అప్పగించారు. దాన్ని అతను ప్రమోషన్ అనుకున్నాడు. పిల్లలు ముక్కులు మూసుకుని “అంకుల్, స్మెల్లీ లా!” అని అక్కడి ఇంగ్లీషు యాసలో అరుస్తుంటే, గడ్డి పెంపకంలో తాను తెచ్చిన కొత్త పద్ధతి గురించి గొంతెత్తి చెబుతున్నాడు. పక్క షెడ్డులో అరుంధతికి అంతా వినబడింది. కోపం కూడా రాలేదు. లేచి, ఆ గొంతు మునిగిపోయేలా ఫ్యాను స్పీడు పెంచింది.