బల్ల ఊగదు

మా ఆయన పాస్టరు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు దాని గురించి చదువుతారు. ఆ చదువు పూర్తయ్యేలోపు ఆ పని ఇంకెవరో చేసేస్తారు. ఆ ఇంకెవరో సాధారణంగా నేనే.

ఆ వారం ఆయన చేతికి ఒక గ్రీకు మాట చిక్కింది. స్పూదే. శ్రద్ధ, ఆసక్తి అని అర్థమట. ఆదివారం ప్రసంగం దాని మీదే. లావుపాటి నిఘంటువులన్నీ బల్ల మీద పరిచారు. ఆ బల్ల మా బావగారు, అంటే ఈయన అన్నగారు, స్వయంగా చేసి ఇచ్చింది. బావగారు వడ్రంగి.

బల్ల కాలు ఒకటి కాస్త పొట్టి. కాగితం మడిచి కింద పెట్టుకుంటే సరిపోయేది. కాగితం పెట్టుకున్నారు కానీ ఈయన ఊరుకోలేదు. ఒక ఆదివారం, అశ్రద్ధ ఎలా ఉంటుందో వివరిస్తూ, సంఘమంతటి ముందు అన్నగారి బల్లనే ఉదాహరణగా చెప్పారు. ముందు వరసలో కూర్చున్న బావగారు లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఉదాహరణ చాలా బాగుందని మాత్రం అందరూ మెచ్చుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు బావగారు ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టర్లు చేతులెత్తేశారు. తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలంటున్నారని మా తోడికోడలు శుక్రవారం ఫోన్ చేసింది. వెళ్ళి ఈయనకు చెప్పాను. ఆదివారం ప్రసంగం అవగానే వెళ్దామన్నారు, తల ఎత్తకుండా. శనివారం మళ్ళీ ఫోన్ వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని అడిగాను. స్పూదేకు ఇంకో అర్థం దొరికిందన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజానికి అన్నగారికి మొహం చూపించలేక పుస్తకాల్లో తల దూర్చారని నాకు తెలుసు. తెలిసినా మండింది.

ఆదివారం ప్రసంగం దివ్యంగా సాగింది. స్పూదే అంటే ఉత్త శ్రద్ధే కాదట, త్వర కూడానట. మరియ తన చుట్టాన్ని చూడటానికి త్వరగా కొండసీమకు వెళ్ళిందన్న చోట ఉన్నది ఈ మాటేనట. మనసున్న చోటికి కాళ్ళు ఆగకుండా పరుగెడతాయన్నారు ఈయన. అందరూ తలలూపారు. అప్పుడే నా సంచిలో ఫోన్ కదిలింది. ఇక ఆలస్యం చేస్తే దక్కరని తోడికోడలు రాసింది.

నేను లేచి నిలబడ్డాను.

"ఏమండీ, మీరు అర్థం చెబుతూ ఉండండి. మీ అన్నయ్య దగ్గరికి నేను వెళ్తున్నాను."

నేను బయటికొచ్చి రోడ్డు దాటేసరికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. చూస్తే ఈయనే. ఒక చేతిలో కళ్ళజోడు, రెండో చేతిలో ప్రసంగం కాగితాలు. పెళ్ళయ్యాక ఈయన పరుగెత్తగా చూడటం నాకదే మొదలు.

ఆసుపత్రిలో బావగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. తమ్ముడి రొప్పు విని తెరిచారు.

"ఏంట్రా, అంత తొందరేమొచ్చింది? కూర్చో."

కూర్చున్నారు. గ్రీకు మాటకు అన్ని అర్థాలు చెప్పిన మనిషికి, క్షమించమని చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. చివరికి బావగారే అడిగారు.

"బల్ల ఇంకా ఊగుతోందా?"

"లేదన్నయ్యా. కదలను కూడా కదలదు."

అబద్ధమాడరాదని ఏటా ఒక ప్రసంగం చేసే మనిషి ఆ మాట తడుముకోకుండా అన్నారు. బావగారు తమ్ముడి చెయ్యి పట్టుకుని పడుకున్నారు. సాయంత్రానికి పోయారు.

ఆ ప్రసంగంలో మిగతా సగం సంఘం ఇంతవరకూ వినలేదు, అడగనూ లేదు. ఇంటికొచ్చాక ఈయన వంగి, బల్ల కాలి కింది కాగితం లాగి పారేశారు. నేను ఇంకోటి మడిచి పెట్టబోతే వద్దన్నారు. ఇప్పుడు దాని మీద ఏం రాసినా అక్షరాలు వంకర పోతాయి. బల్ల ఊగుతోందేమండీ అని ఎవరైనా అంటే, లేదంటారు.