ఏడో గది తలగడ

భర్త పోయాక ఆ తల్లి తమ లాడ్జిలో ఆయన పడుకునే ఏడో గదికి తాళం వేసేసింది. ఆయన తలనూనె వాసన పోతుందని తలగడ గలీబు ఉతకనివ్వలేదు. ఆ గది మీదే తల్లీకొడుకులకు రోజూ కీచులాట.

"ఖాళీగా పెట్టి ఏం బావుకుందామనే అమ్మా?"

"నీతో వాదించే ఓపిక నాకు లేదు, పోరా."

ఆమె ఊళ్ళో లేని రోజున, వానకు బస్సు ఆగిపోయి జనం వచ్చిపడితే, కొడుకు ఆ గది ఇచ్చేశాడు. పొద్దున వాళ్ళు వెళ్ళగానే అతని చెయ్యి అలవాటు చొప్పున దుప్పట్లతోపాటు గలీబునూ ఊడదీసి సబ్బునీళ్ళలో ముంచేసింది.

తల్లి తిరిగొచ్చి ఆ తలగడలో మొహం పెట్టుకుని చాలాసేపు ఊపిరి పీల్చింది. కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"తిట్టవే అమ్మా."

ఆమె తాళంచెవి తీసుకెళ్ళి మిగతావాటి పక్కన మేకుకు తగిలించింది.

"తిట్టడానికేముందిరా. ఇప్పుడది ఉత్త గదే. ఎవరికైనా ఇచ్చుకో."