ప్రకంపనకు చెవులు పెట్టొద్దు

ఎప్పుడో మూతపడిన ఒక పిల్లల పత్రికను కంపెనీ హక్కులతో సహా కొనేసింది. అటకెక్కిన ఆ పత్రిక హీరోల్లో ముగ్గుర్ని కిందికి దించి, దుమ్ము దులిపి, ఒక జట్టుగా కట్టి కొత్త కామిక్స్ సిరీస్ రాసే పని రచయిత్రి నెత్తిన పడింది. ఆఫీసులో అందరూ ఆమెను రచయిత్రి అనే పిలుస్తారు. అక్కడ కథలు రాసేది ఆమె ఒక్కతే. తక్కినవాళ్లు బొమ్మలు గీసేవాళ్లో, పుస్తకాలు అమ్మేవాళ్లో.

ఆ ముగ్గురు హీరోలూ ఎవరికీ గుర్తులేనివాళ్లు. గాజుమనిషి శత్రువులకు కనపడడు కానీ, పెద్ద చప్పుడైతే ఒళ్లంతా బీటలు వారుతుంది. అయస్కాంత మామయ్య ఇనుమునంతా తనవైపు లాగేసుకుంటాడు, తనకు ఇష్టమున్నా లేకపోయినా. ఎవరింటికి భోజనానికి వెళ్లినా వాళ్ల గరిటెలతో తిరిగొచ్చే రకం. మూడోది ప్రకంపన అనే అమ్మాయి. నేలకు అరచేయి ఆనిస్తే చాలు, ఎంత దూరంలో ఎవరు నడుస్తున్నారో, ఏ గోడ కూలబోతోందో పసిగట్టేస్తుంది.

ఎలా రాసినా వీళ్లు జట్టుగా మారలేదు. ఒకే బస్సు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్లలా ఎడంఎడంగానే ఉండిపోయారు. రచయిత్రికి విసుగొచ్చి, రాయడం పక్కన పెట్టి పాత సంచికలు మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది.

ప్రకంపన కథలు మూడే వచ్చాయి. మొదటి రెండింటిలో ఆ అమ్మాయికి చెవులు వినపడవు. చేతులతోనే మాట్లాడుతుంది. ఆ చేతులు గీసినవాడెవడో గాని, ప్రతి వేలూ బతికున్నట్టే ఉంది. మూడో కథ మొదటి పేజీలోనే ఒక వైద్యుడు ఏవో చుక్కలు వేయగానే ఆమెకు చెవులొచ్చేశాయి. ఇక అక్కణ్ణుంచి వాగిన వాగుడికి అంతులేదు. అందులో వేళ్లు కొవ్వొత్తుల్లా ఉన్నాయి. గీసింది వేరే మనిషని తెలిసిపోతూనే ఉంది.

అలా ఎందుకు జరిగిందో తెలుసుకునేదాకా ఆమెకు ముద్ద దిగలేదు. హక్కులు మనవే, ఎవరినీ అడగక్కర్లేదని ఎడిటర్ అంటున్నా వినకుండా, పాత ప్రెస్సువాళ్లను పట్టుకుని మొదటి చిత్రకారుడి చిరునామా సంపాదించింది.

సైకిళ్ల షాపు పైన మొదటి అంతస్తు. గంట నొక్కితే చప్పుడు రాలేదు. లోపల దీపం మాత్రం వెలిగి ఆరింది. నెరిసిన జుట్టు పెద్దావిడ ఒకరు తలుపు తీసి, ఆమె కళ్లవైపు కాకుండా పెదవులవైపు చూశారు. రచయిత్రి ఏం చెప్పాలో తోచక సంచిలోంచి పాత సంచిక తీసి చూపించింది. పెద్దావిడ ఆ అట్టను ఒక్క క్షణం చూసి, రచయిత్రి మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కెళ్లారు.

లోపల కిటికీ దగ్గర చొక్కాకి గుండీ కుట్టుకుంటున్న పెద్దాయనే ఆ చిత్రకారుడు. ఆవిడ ఆయన చెల్లెలు. సంగతంతా ఆయనే చెప్పాడు. చిన్నప్పుడు చెల్లెలు వీధిలో ఆడుకోవడానికి వెళ్తే పిల్లలు చేర్చుకునేవారు కాదు. దాని కోసమని ప్రకంపనను పుట్టించాడు. రెండు కథలయ్యాక పత్రిక యజమాని, చెవిటి పిల్ల కథ ఎవరు కొంటారయ్యా, బాగుచేసెయ్ అన్నాడు. ఈయన కుంచె అక్కడే పెట్టేసి బయటికొచ్చాడు. ఆ తర్వాత ఉద్యోగమంతా సర్వే ఆఫీసులో మ్యాపులు గీయడమే.

"నదులకీ రోడ్లకీ వేళ్లుండవు కదమ్మా. హాయిగా గడిచిపోయింది," అన్నాడు. "ఆ పిల్లను మళ్లీ లేపకండి. మీరు మంచివారే. మీ పైవాళ్లు మళ్లీ అదే పని చేస్తారు."

ఆయన పెదవులనే చూస్తున్న చెల్లెలి చేతులు గాలిలో గబగబా కదిలాయి. పెద్దాయన సూది పక్కన పెట్టాడు.

"ఏమంటున్నారు?" అంది రచయిత్రి.

"ఆ పిల్ల నేను. పడుకోబెట్టడానికి నువ్వెవరన్నయ్యా, అంటోంది."

ఆయన భయపడిందే జరిగింది. ఎడిటర్ చెడ్డవాడు కాదు గాని, ఆవులించకముందే పేగులు లెక్కపెట్టే రకం. చెవిలో చిన్న యంత్రం పెట్టేద్దాం, చీమ నడిచినా వినపడేలా చేద్దాం, ఈ రోజుల్లో పాఠకులకు ఆశ కావాలి అన్నాడు. రచయిత్రి ఎన్ని విధాల చెప్పినా చెవికెక్కించుకోలేదు. చివరికి ఆమె అన్నాచెల్లెళ్లిద్దర్నీ ఆఫీసుకే తీసుకొచ్చింది.

ఎడిటర్ తన ఆలోచనంతా మర్యాదగానే వివరించాడు. చెల్లెలు చేతులతో చాలాసేపు జవాబిచ్చారు. అన్నగారు గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోసారి ఆలోచించి చూడమంటోందండీ."

చెల్లెలి అరచేయి టేబుల్ మీద చటుక్కున పడింది. టీ కప్పులు అదిరాయి. అన్నయ్య పెదవులను చిన్నప్పట్నుంచీ చదువుతున్న మనిషి ఆవిడ. పెద్దాయన మళ్లీ ఎడిటర్ వైపు తిరిగాడు.

"క్షమించాలి. నేను కొంచెం మెత్తగా చెప్పాను. నిజంగా అది అన్నది ఇది. యంత్రాలు కావలసినవాళ్లు పెట్టుకుంటారు, నేనూ కొన్నాళ్లు పెట్టుకున్నాను, నాకు నచ్చక తీసేశాను. అది నా ఇష్టం. కానీ ఆ పిల్లను ఒకసారి బాగుచేసి చంపేశారు. మళ్లీ చంపేటట్టయితే ఎందుకు లేపారు?"

ఎడిటర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్కమాట కూడా లేకుండా కొన్ని పేజీలు చేసి చూపించండి, నాకు అర్థమైతే ఆ అమ్మాయిని ముట్టుకోను, అన్నాడు చివరికి.

మర్నాటినుంచి చెల్లెలు రోజూ మధ్యాహ్నం ఆఫీసుకు రాసాగారు. రచయిత్రి, ఆవిడ, కుర్చీకి అతుక్కుపోయి పనిచేస్తాడని జిగురు అని పేరు పడ్డ యువ చిత్రకారుడు, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. సైగల్లో అర్థం కానిది ఆవిడ కాగితం మీద రాసి చూపించేవారు. కూలుతున్న ఫ్యాక్టరీలో సైరన్ ఆగకుండా మోగుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు కదా అనుకుంది రచయిత్రి. అక్కణ్ణుంచి కథ దానంతటదే నడిచింది. ఆ మోతకు గాజుమనిషి బీటలు వారుతున్నాడు. మామయ్య ఎంత అరిచినా ఎవరికీ వినపడడం లేదు. ప్రకంపన ఒక్కతే నిబ్బరంగా నేల మీద చేయి ఆనించి, ఏ ఇనుప తలుపు ఎప్పుడు లాగాలో చేతులతో చెబుతోంది. మిగతా ఇద్దరూ బతకాలంటే ఆ అమ్మాయి భాష నేర్చుకోక తప్పదు. ఇన్నాళ్లూ కుదరని జట్టు ఆ పేజీల్లో కుదిరింది.

చెల్లెలికి ఒక్కచోటే నచ్చలేదు. మామయ్య "ఆగు" అన్న సైగను "లాగు" అనుకుని మాటిమాటికీ తలుపు నెత్తిమీదికి తెచ్చుకుంటాడు. ప్రకంపన ఓపిగ్గా మళ్లీ చూపిస్తుంది.

"నాకంత ఓపిక లేదు," అన్నారు ఆవిడ చేతులతో. "నేనైతే చెప్పు విసిరేదాన్ని."

జిగురు పగలబడి నవ్వి, ఆ చెప్పు గీశాడు. అడుగున ఇనుప మేకులు కొట్టిన చెప్పు. అది వెళ్లి మామయ్య బుగ్గకు అతుక్కుంది, ఎంత పీకినా రాలేదు.

చేతుల దగ్గర మాత్రం జిగురుకు చుక్కలు కనిపించాయి. గీయడం, చెరపడం. చెల్లెలిని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దాయన వెనక నిలబడి చూస్తూ చూస్తూ, "బొటనవేలు ఇంకాస్త లోపలికి రావాలి బాబూ," అన్నాడు. జిగురు లేచి కుర్చీ ఇచ్చాడు. పెద్దాయన వద్దన్నట్టు తలూపాడు, అయినా కూర్చున్నాడు. పెన్సిల్ అందుకున్నాడు. గీత రెండుసార్లు తప్పింది. చెల్లెలు తన చేతిని ఆయన ముందు బల్ల మీద పెట్టి కదలకుండా ఉంచారు, చిన్నప్పుడు పెట్టినట్టే. రచయిత్రి కిటికీవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఎడిటర్ పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ వచ్చాడు. చెప్పు దగ్గర ఆగాడు. "వీడు ఆగుని లాగు అనుకున్నాడు కదూ," అన్నాడు నవ్వుతూ. అనుకోకుండానే అతని అరచేయి ఆగు అన్నట్టు పైకి లేచింది. తప్పు, వేళ్లు కలిపి పట్టుకోవాలని చెల్లెలు దిద్దారు. యంత్రం మాట మరి రాలేదు.

పుస్తకాన్ని జనం ఎగబడి కొన్నారని చెప్పలేం. మొదట మెల్లగానే కదిలింది. తర్వాత ఎవరో టీచరు క్లాసులో చూపించారట, ఆ బడి పిల్లలు పక్క బడికి అంటించారు. మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. వినపడని పిల్లల బడివాళ్లు రమ్మంటే నలుగురూ కలిసి వెళ్లారు. ఆటస్థలంలో పిల్లలు ప్రకంపన ఆట ఆడుతున్నారు. అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ ప్రకంపనలే. అయస్కాంత మామయ్యగా ఉండటానికి ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. జిగురు ముందుకొచ్చి తాను ఉంటానన్నాడు. వెంటనే రెండు చెప్పులు తగిలాయి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో రచయిత్రి, చెల్లెలు తర్వాతి కథ గురించి వాదించుకున్నారు. ప్రకంపనకు కొంచెం జాలి ఉండాలని రచయిత్రి, అవసరం లేదని చెల్లెలు. పెద్దాయన కిటికీ పక్కన కునికిపాట్లు పడుతుండటంతో మధ్యలో చెప్పేవాళ్లు లేరు. వచ్చిన నాలుగు సైగలతోనే రచయిత్రి నెట్టుకొచ్చింది, ఓడిపోయింది. వెనక సీట్లో కూర్చున్న పిల్లాడొకడు వాళ్ల చేతులనే కళ్లార్పకుండా చూస్తున్నాడు.