అమ్మ టెస్ట్

అండమాన్‌లోని ఆస్టినాబాద్ మొత్తానికి ఆస్కార్ బెంగ పెట్టుకున్నవాడు ఒక్కడే, వాడు యువరాజ్. పొద్దంతా అబర్దీన్ బజార్లో ఒక టూర్ ఆఫీసులో కూర్చుని టూరిస్టులకి పడవ టికెట్లు బుక్ చేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, ఫోను ముందు కూర్చుని, ఈసారి ఏ సినిమాలకి నామినేషన్ వస్తుందో ప్రపంచానికి చెబుతాడు. ప్రపంచం అంటే మరీ ఎక్కువేం కాదు, వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న సినిమా పిచ్చి తెలుగువాళ్ళు కొన్ని వేలమంది. తెలుగు చదవాలంటే వాడు కూడబలుక్కోవాలి, రాయడం అసలే రాదు. మాట్లాడమంటే మాత్రం గలగలా మాట్లాడతాడు, మధ్యలో హిందీ దొర్లుకుంటూ వస్తుంది. అది విని మురిసిపోయిన జనం వాడికి అండమాన్ భయ్యా అని పేరు పెట్టారు.

వాడి గురి అంతా విదేశీ భాషల సినిమాల మీదే. ముందు పదిహేను సినిమాల జాబితా వస్తుంది, అందులోంచి ఐదింటికి నామినేషన్ ఇస్తారు. ఆ ఐదూ ఏవో ముందే చెప్పడం వాడి ఘనత. ఇదే పని చేసే మిగతా మేధావులు ఏ సినిమా పండగలో ఏ బహుమతి వచ్చింది, ఎవరు ఎంత ప్రచారం చేస్తున్నారు అని తల బద్దలు కొట్టుకుంటారు. యువరాజ్‌కి ఆ బాధ లేదు, వాడి దగ్గర వాళ్ళమ్మ ఉంది.

నూకరత్నం జంగ్లీఘాట్‌లో చేపలమ్ముతుంది. ఇంగ్లీషు రాదు, తెర కింద పరుగెత్తే అక్షరాలు ఏ భాషవైనా ఆవిడకి ఒకటే. కొన్నేళ్ళ కిందట యువరాజ్ ఏదో దేశం సినిమా చూస్తుంటే పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటోంది. సగంలో చేతులు ఆగిపోయాయి. చూస్తే కళ్ళల్లో నీళ్ళు. ఒక్క ముక్క అర్థం కాని మా అమ్మే ఏడ్చిందంటే దీనికి నామినేషన్ ఖాయం అని యువరాజ్ ఎగిరి గంతేసి వీడియో పెట్టాడు. నిజంగానే వచ్చింది. అది మొదలు ప్రతి ఏడాదీ జాబితా రాగానే సెలవు రోజుల్లో అమ్మని కూర్చోబెట్టడం, తను తెర వదిలేసి ఆవిడ మొహం చూడడం. దానికి అమ్మ టెస్ట్ అని పేరు కూడా పెట్టాడు. ఏ సినిమాకి ఏడ్చిందో, దేనికి ఆవలించిందో వీడియోలో చెప్పేవాడు, జనం పడి పడి వినేవారు.

ఇక్కడ నూకరత్నం సంగతి ఒకటి చెప్పాలి. యువరాజ్ తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న మల్లేశు తన డోంగీ పడవ వేసుకుని చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. నూకరత్నం నలుగురిలో ఏడవలేదు. ఏడిస్తే గుండె బరువు తగ్గుతుందని అమ్మలక్కలు బతిమాలినా ఏడవలేదు. తను ఏడిస్తే ఆయన పోయాడని తనే ఒప్పుకున్నట్టని ఆవిడ లెక్క. గంప ఎత్తుకుని మళ్ళీ బజారుకి పోయింది. జంగ్లీఘాట్‌లో ఆవిడ కంట నీరు చూసినవాళ్ళు లేరు, మొన్నటిదాకా.

ఈ ఏడాది జాబితాలో పోర్చుగల్ సినిమా ఒకటి ఉంది. పడవ మీద వెళ్ళిన మనిషి రాడు, భార్య ఒడ్డున ఎదురుచూస్తుంది, అంతే కథ. దానికి నామినేషన్ రాదని తక్కిన మేధావులంతా ఒక్క మాట మీద ఉన్నారు. వస్తుందని యువరాజ్ అన్నాడు. అమ్మ టెస్ట్ అంతా కట్టుకథ, అసలు ఆ అమ్మ ఉందో లేదో అని ఎవడో వెక్కిరించాడు. యువరాజ్‌కి రోషం వచ్చింది. ఆ ఆదివారం టీవీ పక్కన ఫోను నిలబెట్టి, అమ్మకి చెప్పకుండా, ఆవిడ మొహం మొత్తం తీశాడు. నూకరత్నం ఏడ్చింది. మామూలుగా కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అది చూసినవాడు ఏం చేయాలి? టీవీ కట్టేసి అమ్మకి గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వాలి. వీడు దానికి వెనకాల సంగీతం కలిపాడు. సముద్రంలో భర్తని పోగొట్టుకున్న మనిషే ఇలా ఏడిస్తే ఆస్కార్ వాళ్ళు కరగరా అని ముందొక మాట చెప్పి, లోకం మీదికి వదిలేశాడు.

అంతకుముందు ఏ వీడియోకీ రానంత జనం వచ్చారు. రాసినవాళ్ళంతా అమ్మకి దండాలు పెట్టారు. తప్పు చేశానని యువరాజ్‌కి తెలుసు. అమ్మ ఫోన్లో ఇవన్నీ రావు, ఆవిడకి ఎలా తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. తెలిస్తే ఆవిడ మొహం ఎలా చూడాలన్నది మాత్రం తేలలేదు, అందుకే తెలియకూడదని అంత గట్టిగా కోరుకున్నాడు.

నామినేషన్లు రెండు రోజుల్లో వస్తాయనగా, మధ్యాహ్నం అమ్మని స్కూటర్ మీద తీసుకురావడానికి బజారుకి వెళ్ళాడు. నూకరత్నం ముందు ఒక కొత్త జంట నిలబడి ఉంది, మాట తీరు చూస్తే రాజమండ్రి వైపు వాళ్ళు. మీరు సినిమా చూసి ఏడ్చిన అమ్మగారే కదండీ అని ఆ అమ్మాయి అడుగుతోంది. పక్క గంప గురువమ్మ ఆవిడేనని పొంగిపోతూ చెప్పింది. నూకరత్నం చేతులు చీరకి తుడుచుకుని, జుట్టు సర్దుకుని, ఫోటోకి నిలబడింది. ఆ అమ్మాయికి అది చాలలేదు. ఇంకొకటి, కొంచెం ఏడుస్తున్నట్టు మొహం పెట్టండి అంది. నూకరత్నం పెట్టింది.

యువరాజ్ ఐసు పెట్టెల వెనక్కి తప్పుకున్నాడు. వెళ్ళి ఆపొచ్చు. వెళితే వాళ్ళు తననీ గుర్తుపడతారు, కొడుకువి నువ్వే కదా అంటారు, అమ్మ ముందే అంటారు. ఆ భయంతో ఆగిపోయాడు. ఒళ్ళంతా సిగ్గుతో మండిపోతోంది, అయినా కాలు కదల్లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక అప్పుడే వచ్చినట్టు హారన్ కొట్టాడు. దారంతా నూకరత్నం ఆ ఊసే ఎత్తలేదు, సురమై చేపలు ఇవ్వాళ సరిగా అమ్ముడుపోలేదని మాత్రం అంది.

ఇంటికి రాగానే ఆ వీడియో తీసేద్దామని ఫోను తెరిచాడు. ఇంకో రెండు రోజులు ఆగితే నామినేషన్లు వస్తాయి, తను గెలిచినట్టు తేలిపోతుంది, అప్పుడు తీసేయొచ్చు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనని తనే అసహ్యించుకున్నాడు. అసహ్యించుకున్నాడే గానీ తీసేయలేదు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఐదు పేర్లూ చదివారు. ఐదూ వాడు చెప్పినవే, పోర్చుగల్‌తో సహా. ఫోను మోగడం మొదలుపెట్టింది. హైదరాబాద్ నుంచి ఒక ఛానల్ వాళ్ళు కాసేపట్లో లైవ్ పెడతామన్నారు. మీరు ఎలాగూ ఉంటారు, మాకు అమ్మగారు కావాలి, ఆ సీను చూపిస్తాం, ఒక్క రెండు చుక్కలు వస్తే చాలు అని ఎంతో మర్యాదగా చెప్పారు.

యువరాజ్ వంటగదిలోకి వెళ్ళాడు. నూకరత్నం మంచి చీర కట్టుకుని, పౌడరు రాసుకుని, బియ్యం కడుగుతోంది. ఛానల్లో లైవ్ సంగతి అప్పుడే వేస్తున్నారని గురువమ్మ ఫోన్ చేసి చెప్పిందట. ఆ చీర చూశాక వాడు ఇంక దాచలేకపోయాడు.

"అమ్మా, నీకు తెలీకుండా నిన్ను ఫోన్లో తీసినాను. అందరికీ చూపించినాను. గల్తీ హో గయా."

"తెలుసు."

"బజారులో ఎవరైనా చెప్పారా?"

"ఎవులు సెప్పాల? నువ్వు టీవీ పక్కన ఫోను నిలబెట్టి, ఎనకాల డబ్బా ఒత్తు పెడితే, నానేటి గుడ్డిదాన్నేట్రా?"

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. మొదటి సినిమాకి ఏడుపు దానంతటదే వచ్చిందట. అప్పుడు కొడుకు గంతేశాడు. మల్లేశు పోయాక వాడు అలా నవ్వడం ఆవిడ చూడలేదు. తర్వాత సినిమాలకి ఏడుపు రాకపోతే వాడి పని పాడైపోతుందని, రప్పించుకోవడం మొదలుపెట్టింది.

"మరి ఏ సినిమాకి ఏడవాలో నీకెలా తెలిసేది?"

"నీ మొకం సూసి. నీకు నచ్చితే మాటిమాటికీ నాకేసి సూసేవోడివి. నచ్చకపోతే నువ్వే ఆవలించేవోడివి."

అంటే ఇన్నేళ్ళూ తేల్చింది వాడే. నాకు ఈ ఐదూ బాగున్నాయి అని నోరు విప్పి చెబితే సరిపోయేది. ఆవిడ కన్నీళ్ళు ఒక్క చుక్క కూడా అవసరం లేదు. యువరాజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది.

"రప్పించుకోవడం ఎలాగమ్మా?" అన్నాడు, అడగకూడదని తెలిసే అడిగాడు.

"ఎలాగేటి, మీ నాన్నని తలుసుకునేదాన్ని. బస్, వొచ్చీసేవి."

ముందు ఆయన తెల్లారగట్ట లుంగీ ఎగగట్టి డోంగీ తోసుకుంటూ పోవడం తలుచుకుంటే సరిపోయేదట. రెండు మూడు సినిమాలకి అది అరిగిపోయింది. తర్వాత ఆయన దగ్గు తలుచుకుంది. అదీ అయిపోయాక తనని పిలిచే పిలుపు తలుచుకుంది. పోర్చుగల్ సినిమాకి చాలాసేపు వెతుక్కోవాల్సి వచ్చింది, చివరికి ఏదో దొరికింది. మొన్న ఆయన వెళ్ళిపోయిన తేదీ వచ్చినప్పుడు ఎప్పట్లాగే ఒక్కతే జెట్టీకి వెళ్ళి పూలు వదిలిందట. ఏటా అక్కడ ఎవరూ లేకుండా చూసుకుని కాసేపు ఏడ్చి వచ్చేది. ఈసారి ఎంతసేపు నిలబడ్డా రాలేదు. ఎవరి కోసమో పూలు వదిలినట్టు ఉందిరా అంది. నిష్ఠూరం ఏమీ లేదు ఆ మాటలో, బియ్యంలో నీళ్ళు వంపుతూ మామూలుగా చెప్పింది.

ముందు గదిలో ఫోను మోగింది. యువరాజ్ వెళ్ళి కట్ చేశాడు. మళ్ళీ మోగితే పూర్తిగా ఆపేశాడు. ఇంక ఏ లైవూ లేదని, అమ్మ ఇంక ఏ సినిమాకీ ఏడవనక్కర్లేదని చెప్పడానికి వెనక్కి తిరిగాడు. నూకరత్నం చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చేసింది. వాడు ఫోను ఆపేయడం చూసి ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఆపీసినావేట్రా? నాకు ఏడుపు రాదని భయమేటి?" అంది. "వాళ్ళకి ఫోన్ కొట్టు. ఎతికితే ఇంకా కొంచెం మిగిలే ఉంటాడు మీ నాన్న."