మెడదాకా మట్టి

మా ఇల్లు కూలినప్పుడు నేను ఏడ్వలేదు. కోనరావుపేట దగ్గరి పల్లె మాది. మట్టిగోడల ఇల్లు. ముసురు విడువకుండా పట్టింది, వెనుక గోడ కూర్చుంది. ఊరోళ్లు వచ్చి బీరువా తీసిండ్రు, మంచం తీసిండ్రు. నేను మాత్రం కూలిన పెళ్లలన్నీ తిరగేసి ఒక్క పెళ్ల కోసం వెతికిన.

నా భార్య దేవవ్వ ప్రతి ఏడాది ఒక టమాట పండును చెట్టు మీదనే ఎర్రగా మాగనిచ్చేది. దాని గింజలు తీసి, పెండలో బూడిద కలిపి, ముద్ద చేసి వంటింటి గోడకు కొట్టేది. అట్ల కొడితే పురుగు పట్టదు. ఆమె పోయే ముందటి ఏడాది కొట్టిన ముద్ద ఆ గోడకే ఉండిపోయింది. అది దొరికింది.

ఆ టమాట బజారులో దొరకదు. చిన్న కాయ. తొడిమ దగ్గర ముడతలు. పులుపు. బజారు టమాటను గోడకేసి కొట్టినా పగలదు. దేవవ్వ టమాట సంచిలో వేస్తే ఇల్లు చేరేసరికి సగం చితికేది. అందుకే ఎవరూ పెట్టరు. ఆమె ఒక్కతే పెట్టింది. ఆ ముద్దలో గింజలు దక్కకపోతే ఇక ఆ టమాట లేదు. ఆమె పోయినంక నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పులుపు మళ్లీ ఒకసారి నాలుక మీద పడాలె. నాకు కావలసింది అంతే.

నేను తాళ్లెక్కి కల్లు గీసేటోన్ని. నడుము పట్టుకుపోయినంక మానేసిన. ఇల్లు కూడా పోయినంక సిరిసిల్లకు వచ్చి ఒక బట్టల గోదాముకు కావలి కుదిరిన. గోదాము వెనుక ఒక అర్ర ఇచ్చిండ్రు. దానికి ఒక కిటికీ. కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. నడుమ పిల్లి పట్టే సందు.

ఆరుద్ర కార్తెలో ముద్దను నానబెట్టి, ద్రాక్షపండ్లు వచ్చే థర్మకోల్ డబ్బాలో మట్టి నింపి గింజలు చల్లిన. బయట పెడదామంటే కోతులు. అవి తినవు. పీకుతయి, చూస్తయి, పారేస్తయి. మనుషుల బుద్ధి. అందుకని డబ్బాను అర్రలోనే, దేవుని పటం కింద మూలకు పెట్టిన.

మా దిక్కు దసరాకు దేవి ముందట గురిగిలో నవధాన్యాలు వేసి చీకటి మూలన పెడతరు. మొలకలు పచ్చని పసుపు రంగులో, సన్నగా, జానెడు లేస్తయి. ఎంత పొడుగు లేస్తే ఇంటికి అంత మంచిదంటరు. చిన్నప్పటి నుంచి చూసింది అదే. టమాట నారు కూడా అట్లనే లేస్తుంటే నాకు సంబరమైంది. కాడ దారమంత. ఆకులు పెసరగింజంత. రంగు లేదు. అయినా ఎత్తు ఉంది. తాళ్లెక్కినోనికి ఎత్తంటే గౌరవం.

గోదాము పక్కింట్లో చిన్నవ్వ ఉంటది. నాకన్నా పెద్దది. పొద్దంతా గడపలో కూర్చుని బీడీలు చేస్తది. ఒకనాడు అర్రలోకి తొంగిచూసింది.

"కిష్టయ్యా, గివి టమాటలా, దసరా మొలకలా?"

"టమాటలే. సూడు, ఎంత లేసినయో."

"లేసుడు కాదయ్యా. నీ అర్రల నుంచి పారిపోతున్నయి. అన్ని ముఖాలు కిటికీ దిక్కే పెట్టినయి సూడు."

చూసిన. నిజమే. డబ్బాను తిప్పి పెట్టిన. తెల్లారేసరికి నారంతా మళ్లీ కిటికీ దిక్కుకే తిరిగింది. ఆ కిటికీలో చూసేందుకు ఏముంది? పక్కింటి గోడ. దాని మీద ఎండ చప్పిడి ముద్ద లెక్క పడుతది. ఆ మాత్రం ఎండ కోసం అవి మెడలు సాగదీసినయి.

తరువాత ఒరగుడు మొదలైంది. ఒకటి పొద్దున లేచేసరికి పండుకుని ఉంది. దాహమనుకుని నీళ్లు పోసిన. ఇంకో రెండు పండుకున్నయి. మళ్లీ పోసిన. మొదలు నల్లబడి, ఇంకొన్ని పోయినయి.

గోదాములో నూలు తుంటలకు కొదువ లేదు. ఒక్కో మొక్కకు ఒక్కో దారం కట్టి, కొసలు కిటికీ ఊచలకు కట్టిన. చిన్నవ్వ మళ్లీ వచ్చింది.

"పడుగు మంచిగనే తోడినవ్. బట్ట ఎప్పుడు దిగుతది?"

నేను ముఖం తిప్పుకుని ఇంకో ముడి వేసిన.

"కోపానికి అస్తవేంది? నీ పెండ్లానికి తోడవుట్టినోళ్లు లేరా? ఆమె ఎట్ల పెంచేదో వాళ్లకు ఎర్కుంటది గద."

"ఉన్నది ఒకతి."

"మరి అడుగు."

"అడగ."

"అయితే దారాలు గట్టుకుంట కూసో. ఆఖరికి దారాలే మిగుల్తయి."

తోడబుట్టింది బాలమణి. దేవవ్వకు చెల్లె. కోరుట్లలో ఉంటది. మగడు జలపతి మస్కట్‌లో ఉంటడు. ఆమెతోటి నేను మాట బంద్ చేసిన.

మా దాంట్లో పోయిన మనిషిని మట్టిలో పెడతరు. అయినవాళ్లు తలా ఒక పిడికెడు మట్టి వేయాలె. దేవవ్వ నడి ఎండాకాలం పోయింది. పొద్దున్నే అందరికీ ఫోన్లు చేయించిన. అందరూ వచ్చిండ్రు. చెల్లె రాలేదు. ఎండెక్కుతుందని పెద్దమనుషులు తొందర పెట్టిండ్రు. మట్టి అయిపోయి, మేము స్నానాలకు దిగినంక ఆటోలో వచ్చి దిగింది. "నేనచ్చేదాక ఆగరాదా" అని నలుగురిలో నన్ను నిలబెట్టి తిట్టింది. పెండ్లిళ్లకు ముందురోజే దిగే మనిషి. అక్క మట్టికి అందలేదు. ఎవరు మరిచినా నేను మరువను.

కానీ మొక్కలు ఆగేటట్టు లేవు. దారాలు బిగువుగా ఉన్నయి, మొక్కలు వాటికి వేలాడుతున్నయి. దారాలన్నీ కోసి, డబ్బా చుట్టూ అట్ట నిలబెట్టి, బస్టాండుకు పోయిన.

బస్సు నిండా ఆడోళ్లు. ఇప్పుడు ఆడోళ్లకు టికెట్ లేదు, మగోళ్లకు సీటు లేదు. డబ్బాను నెత్తిమీద పట్టుకుని నిలబడ్డ. వేములవాడ దాటినంక ఒకామె జాలిపడ్డది.

"ఓ పెద్దయ్యా, గా డబ్బాల ఏందే? కోడిపిల్లలా?"

"నారు."

"నారా? బస్సెక్కిచ్చి ఏడికి తోల్కపోతున్నవ్? పెండ్లిచూపులకా?"

బస్సంతా నవ్వింది. నవ్వుకుంటనే ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. కొడిమ్యాలలో దిగేదాకా రెండు చేతులు అడ్డం పెట్టి, కుదుపులకు కాపాడింది. దిగేముందు తన సీటు నాకిచ్చింది. జగిత్యాలలో బస్సు మారిన. కోరుట్ల చేరేసరికి కొన్ని నడుముకు విరిగినయి. బతికినయి చేతి వేళ్లకు ఎక్కువ, కాలి వేళ్లతో కలిపితే తక్కువ.

బాలమణి ఇంటి ముందటి అర్రకు కోతులు రాకుండా ఇనుప జాలి కొట్టించుకుంది. జాలి వెనుక చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది. నన్ను చూసింది. చూడనట్టు తల దించింది.

"ఎవలు?"

"నేనే."

"నేనే అంటే ఎవలు? నేనే అనేటోళ్లు మస్తుమంది అస్తరు."

డబ్బాను మెట్టు మీద దించిన. "మీ అక్క టమాట. సస్తున్నయి."

చేటను ఒళ్లోంచి తోసేసింది. తునికాకు, తంబాకు నేలంతా పడ్డది. జాలి తలుపు తీసి డబ్బా ముందు కూర్చుంది. వేలితో ఒక కాడను లేపింది. అది వేలి మీద వాలింది.

"గిదేం జేసినవ్ బావా? తాడిచెట్టనుకున్నవా, ఎత్తు జూసి సంబరపడ్తందుకు?"

"చీకట్ల పెట్టిన."

"గది కనబడ్తనే ఉన్నది. నీళ్లు గూడ మస్తు తాపినవ్."

"దాహమనుకున్న."

"ఎండ కోసం ఏడిస్తే నీళ్లు తాపినవ్." లేచింది. "లోపలికి రా. రావద్దనుకుంటే గీడనే నిలబడు. గని డబ్బా నాకియ్యి."

పోయిన. మెట్లెక్కి మిద్దె మీదికి తీసుకుపోయింది. అక్కడ కూడా ఒక మూలకు జాలి కట్టించుకుంది. లోపల మిరప, వంకాయ. ఏ మొక్క చూసినా నిటారుగా నిలబడ్డది. నేను మా డబ్బా దిక్కు చూసిన.

పాలపాకెట్ కవర్లకు కింద తూట్లు చేసి, మన్ను, ఎరువు కలిపి తెచ్చింది. ఒక మొక్కను వేర్లతో లేపింది. కొస ఆకులు విడిచిపెట్టి, కింది ఆకులు గోటితో గిల్లింది. కవరులో అడుగుదాకా దించింది. కాడంతా లోపలికి పోయింది. కొస ఒక్కటే పైకి తేలింది.

"నువ్వో కవర్ నింపు," అన్నది.

నింపిన. వేర్లు మునిగేదాకా మన్ను పోసి ఆపిన.

"పొయ్యి."

"ఇగ సాలు."

"సాలది. మెడదాకా పొయ్యాలె."

"పానమున్నదాన్ని పూడుస్తవా?"

"టమాటకు గదే మందు బావా. కాడ మీద నూగు సూడు. మన్ను తగిల్తే గదంతా వేరైతది. ఎంత పొడుగు సాగిందో అంత వేరు. మిరపకు, వంకాయకు గిట్ల పనికిరాదు. టమాటకు అయితది. అక్కనే జెప్పింది నాకు."

నాకు చెప్పలేదు దేవవ్వ. నేను అడగలేదనుకుంట. నా పిడికిట్లో మన్ను ఉంది. కవరులో మొక్క మెడ కనబడుతుంది. చెయ్యి తెరుచుకోలేదు. ఆనాడు మొదటి పిడికెడు నేనే వేసిన. ముఖం మీద పడకుండా పక్కకు వేసిన. అయినా కొంత పడ్డది.

బాలమణి నా చేతి దిక్కు చూసింది. నా ముందటి కవరు తన ముందటికి గుంజుకుంది. పిడికెడు మన్ను తీసి, మెల్లగా, చుట్టూరా పోసి వేళ్లతో అదిమింది. ఇంకో కవరు తీసింది. ఇంకో పిడికెడు. తల ఎత్తకుండా అన్నది:

"అక్కకు ఎయ్యనియ్యకపోతివి. గివిటికన్న ఏస్త."

"నువ్వచ్చేదాక అక్కను ఎండల పెట్టుమంటవా?"

"అవు. పెట్టాలె. నా కోసం గా మాత్రం ఎండ ఓర్సకపోవునా మా అక్క?"

నా పిడికిట్లోని మన్నును తిరిగి కలిపిన మన్నులోనే విడిచిన. ఆమె ముక్కు చీదుకుంటూ మిగిలిన అన్నిటికీ మన్ను పోసింది. ఒక్కదాన్ని కూడా నా చేతికి ఇయ్యలేదు. నేను అడగలేదు.

"ఒక్కసారే ఎండల పెడితే మాడుతయి," అన్నది అయిపోయినంక. "ముందుగాల పొద్దటి ఎండ ఇంత. ఎనుకసీరి ఎక్కువ. మన్ను ఎండినంకనే నీళ్లు. రోజు చెయ్యితోని గిట్ల నిమరాలె." అరచెయ్యి ఆకుల కొసల మీంచి తేలికగా పోనిచ్చింది. "గాలి ఆడినట్టు. ఊగితెనే కాడ గట్టిపడ్తది. నీ గుహల గాలి గూడ లేకపాయె."

"ఎప్పుడు తోల్కపోవాలె?"

"ఏడికి? మల్ల గా గోడ సూపిస్తందుకా?"

దాచేదేం లేదు, నాకు ఆమె దగ్గర విడిచిపెట్టుడు ఇష్టం లేదు. దేవవ్వది ఈ లోకంలో మిగిలింది అదొక్కటి. దాన్ని తెచ్చి, దేవవ్వ మట్టికి అందని మనిషి మిద్దె మీద పెట్టాలె. ఒక కవరు చంకలో పెట్టుకుని, మిగిలినవి విడిచి బస్సెక్కిన. తెచ్చిన మొక్కను కిటికీలో పెట్టిన. రోజూ నిమిరిన. అది మళ్లీ సాగింది, మళ్లీ పడ్డది. ఈసారి దారం కట్టలేదు.

ఆమె ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చిన్నవ్వ మాత్రం బీడీల గంప మీంచి రోజూ అడిగేది, "కోరుట్ల ముచ్చటేంది?" అని. "బతికితే చెప్తది," అనేటోన్ని. "సస్తే గూడ జెప్పాలె గద," అనేది. ఆ మాటకు నాకు నిద్ర పట్టేది కాదు.

వానలు తగ్గినంక ఆగలేకపోయిన. చెప్పకుండనే పోయిన.

జాలి తలుపు తెరిచి ఉంది. బాలమణి వంటింట్లో ఉంది. అడుగుల చప్పుడు విని, "పైన ఉన్నయి, పో," అన్నది. ఎవరని అడగలేదు.

మిద్దె మీద పెద్ద బకెట్లు. బకెట్టుకొక చెట్టు. కాడలు నా బొటనవేలంత. గాలి వస్తుంది, ఊగుతున్నయి, నిలబడుతున్నయి. ఆకుల సందున కాయ. తొడిమ దగ్గర అవే ముడతలు. పండినదాన్ని ఒకటి తెంపి, అక్కడనే నిలబడి కొరికిన. దవడ వెనుక నరం గుంజింది. అదే పులుపు. చెట్టు మొదట్లో కూర్చున్న. లేవబుద్ధి కాలేదు. కొన్ని పండుటాకులు తెంపిన, అవసరం లేకున్నా ఇంకొన్ని తెంపిన.

కింది నుంచి పిలిచింది. "బావా, చెయ్యి కడుక్కో. టమాట తొక్కు నూరిన. బువ్వ తిందువు రా."

చెయ్యి చూసుకున్న. వేళ్లకు ఆకుపసరు పట్టింది. పచ్చగా, కొంచెం నల్లగా. ముక్కు దగ్గర పెట్టుకున్న. టమాట కాసే కాలంలో దేవవ్వ చేతులు ఇట్లనే వాసన వచ్చేవి. సబ్బుకు పోయేది కాదు. అన్నం పెట్టినా ఆ వాసనే, పక్కన పండుకున్నా ఆ వాసనే. అది ఉందని కూడా నాకు యాది లేదు ఇన్నాళ్లు. పులుపు ఒక్కటే కావాలనుకున్న.

కిందికి దిగిన. పీట వేసి, కంచం పెట్టి, చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డది బాలమణి. నా చేతికి పట్టింది ఇంతే, ఆ ఒక్క చెంబుకే పోతది.

"తినను," అన్న.

"ఎందుకు?"

"ఊకెనే."

ఆమె ముఖం మాడింది. "ఇంకా గంత కోపమా బావా? మా ఇంట్ల మెతుకు గూడ ముట్టవా?"

చెప్పొచ్చు. చెప్తే అక్క వాసన అంటది, చెయ్యి పట్టుకుంటది, ఏడుస్తది. పంచుకునే బుద్ధి నాకు లేదు.

"బస్సున్నది," అన్న.

చెంబు నేల మీద కొట్టినట్టు పెట్టింది. కోపముందనే అనుకోనీ. కోపం ఉంది కూడా. అది వేరు.

బస్సులో నిలబడేందుకే చోటు దొరికింది. ఎడమచేత్తో రాడ్ పట్టుకున్న. కుడిచెయ్యి ముఖం దగ్గర పెట్టుకున్న. పంటి నొప్పా అని పక్కనాయన అడిగిండు. అవునన్న.