సబైనా పొయ్యిలో మా నిప్పు

అట్రాక్టా మా గుమ్మంలో నిలబడి తేదీ చెప్పగానే, ఇది ఊరికే పెట్టిన తేదీ కాదని నాకు అనిపించింది. మే నెల ఒకటో తారీఖు.

మా మేయో జిల్లా పల్లెల్లో మే ఒకటిన ఇంట్లోంచి నిప్పు బయటికి పోనివ్వరు. బూడిద పారబొయ్యరు. పాలు, వెన్న, ఉప్పు ఎవరడిగినా ఇవ్వరు. ఆ రోజు గడప దాటిన దాని వెంట ఆ ఏటి కలిమి అంతా నడిచిపోతుంది. అడగడానికి వచ్చినవాళ్లు అందుకోసమే వచ్చారని లెక్క. ఇది అట్రాక్టాకు తెలియదంటే నేనెలా నమ్మను? ఆమె సబైనా కూతురు. సబైనా ఇల్లు సందుకు అవతల, మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

అట్రాక్టా గాల్వే పట్నంలో పంతులమ్మగా చేసి, పని మానేసి ఊరికి తిరిగొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఊరుకోలేదు. ఇళ్లు వెచ్చగా ఉండాలి, కాల్చేది తగ్గాలి అంటూ పదిమందిని పోగేసి ఒక సంఘం పెట్టింది. మొదట కరెంటు తక్కువ తాగే బల్బులు ఉచితంగా పంచింది. ఉచితంగా ఇచ్చేవాళ్ల చేతిలోకి కాదు, కళ్లలోకి చూడమనేది మా అత్తగారు. ఆ బల్బు ముందు పశువుల కొట్టంలో పెట్టి కొన్నాళ్లు చూశాకే వంటింట్లోకి తెచ్చాను. తర్వాత తలుపుల కింద సందులు మూసే రబ్బరు పట్టీలు తెచ్చింది. అవీ బాగానే పనిచేశాయి. బాగా పనిచేస్తున్నాయంటే దీని వెనక ఇంకేదో ఉందని నా అనుమానం.

ఇప్పుడు పంకా సంగతి చెప్పింది. వీధి తలుపు తెరిచి, ఆ చోట గట్టి గుడ్డ బిగించి, దాని మధ్య పెద్ద పంకా పెట్టి ఇంట్లో గాలిని బయటికి లాగుతారట. అప్పుడు గోడల్లో ఎక్కడెక్కడ కంతలున్నాయో అక్కడల్లా బయటి గాలి ఈల వేసుకుంటూ లోపలికి వస్తుందట. అలా ఇల్లు ఎక్కడ వేడి పోగొట్టుకుంటోందో తెలుస్తుందట. దానికి పొయ్యి చల్లగా ఉండాలి. నిప్పు ఉండకూడదు, బూడిద ఉండకూడదు. లేకపోతే పొగగొట్టంలోంచి గాలి వెనక్కి తన్ని, పొయ్యిలో ఉన్నదంతా గదిలోకి ఎగజిమ్ముతుంది.

“పొయ్యి ఆర్పాలంటావా?” అన్నాను.

“ఒక్కరోజే కదా, డీలియమ్మా. మర్నాడు అగ్గిపుల్ల గీస్తే సరి.”

అగ్గిపుల్ల గీస్తే మంట వస్తుంది. మా నిప్పు రాదు. నేను ఈ ఇంటికి పెళ్లై వచ్చిన రోజు మా అత్తగారు పట్టుకారు నా చేతిలో పెట్టింది. ఈ పొయ్యిలో నిప్పు తన అత్తగారి కాలం నుంచీ ఆరలేదని, ఆ అత్తగారు కూడా పుట్టింటి నుంచి కుండలో తెచ్చుకుందని చెప్పింది. బీడు నేలలో కోసి ఎండబెట్టిన టర్ఫ్ గడ్డలే మాకు కట్టెలు. పడుకోబోయే ముందు ఎర్రగా ఉన్న గడ్డల్ని పక్కకు లాగి, నివురు కప్పి, దణ్ణం పెట్టుకుని వెళ్లి పడుకుంటాం. పొద్దున్నే నివురు తీస్తే నిప్పు కళ్లు తెరుస్తుంది. మా ఆయన ఫెస్టస్ చనిపోయిన రోజు కూడా నేను ఆ పని మానలేదు. నా కాలంలో అది ఆరిపోతే పైకి వెళ్లి వాళ్లందరికీ ఏం చెప్పను?

కానీ వద్దనడానికి కూడా లేదు. నా పడకగది గోడ బూజు పట్టి నల్లబడింది. కిందటి చలికాలం రొమ్ము పట్టేసి ఆసుపత్రిలో పడ్డాను. ఇంకో చలికాలం ఆ గదిలో గడిపితే తిరిగి రావు, ఇల్లు బాగుచేయించుకో, లేదా ముసలివాళ్ల ఆశ్రమంలో చేరు అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. పంకా పెట్టి చూడకుండా సంఘం వాళ్లు ఏ ఇంటికీ మరమ్మతు మొదలుపెట్టరు.

“మీ అమ్మ ఇంట్లో పెట్టారా ఈ పంకా?” అని అడిగాను.

అట్రాక్టా సందువైపు చూసింది. “అమ్మ ఒప్పుకోలేదు” అంది.

చూశారా మరి. సొంత తల్లి ఒప్పుకోని పనిని మా ఇంటికి తెచ్చింది, అదీ మే ఒకటిన. ఇంకో రోజు పెట్టమన్నాను. పంకా ఉన్న జార్లత్ అనే అతను మామూలు రోజుల్లో కూలికి వెళతాడని, మా ఊరికి ఊరికే చేసిపెడుతున్నాడని, అతనికి ఖాళీ దొరికేది సెలవు సోమవారమేనని, ఈసారి ఆ సోమవారం ఒకటో తారీఖున పడిందని చెప్పింది. అబద్ధమైతే ఇంత చక్కగా అతకదు. నిజమైతే మాత్రం ఇంత చక్కగా ఎందుకు అతకాలి?

మాకూ సబైనాకూ ఉన్న గొడవ పాతది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక వేసవిలో మా గడ్డివాములో ఎవరో దాచిన కోడిగుడ్లు దొరికాయి. కుళ్లి ఉన్నాయి. పక్కవాడి కలిమి తమవైపు తిప్పుకోవాలనుకునేవాళ్లు చేసే పని అది. ఆ నెలే చూలుతో ఉన్న మా ఆవు ఈచుకుపోయింది, దూడ దక్కలేదు. మా అత్తగారు ఏమీ అనలేదు, ఎదురింటి వైపు చూసింది అంతే. ఆ చూపు నాకు వారసత్వంగా దక్కింది. ఆ ఏటి నుంచే నా పడక దగ్గర మెడకు చలి కొట్టడం కూడా మొదలైంది.

ఇప్పుడు నిప్పుని ఎక్కడ దాచాలి? కొట్టంలో పెడితే పశువుల మేత అంటుకుంటుంది. ఊళ్లో అందరూ ఇల్లు వేడెక్కించే నూనె బాయిలర్లు పెట్టించుకున్నారు. నిప్పుండే పొయ్యి మా ఇల్లు కాక ఇంకొకరి ఇంట్లోనే మిగిలింది. ఎన్ని రకాలుగా ఆలోచించినా దారి సందు దాటి అక్కడికే వెళ్లింది.

ఏప్రిల్ ఆఖరి రోజు మధ్యాహ్నం మూత ఉన్న ఇనుప బకెట్లో బూడిద పరిచి, దాని మీద నిప్పులు పెట్టుకుని బయల్దేరాను. పొద్దు వాలితే మే వచ్చినట్టే, ఇక దాటించకూడదు.

సబైనా పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతోంది.

“దోవ తప్పావా ఏంటే, పిల్లా?” అంది. నాకు డెబ్బై దాటాయి. ఆమెకు ఎనభై దాటాయి కనుక నేను పిల్లనే.

వచ్చిన పని చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖం చూడలేదు, బకెట్టునే చూసింది.

“నీ నిప్పు నా ఇంట్లో పెడతానంటావు. రేపు మే ఒకటి పెట్టుకుని.”

“రేపు నీ ఇంట్లోంచి గడ్డిపరక కూడా అడగను. ఎల్లుండి వస్తా.”

“ఎల్లుండి నేను ఇవ్వకపోతే?”

“ఊరంతా చెబుతా.”

“ఇన్నేళ్లూ చెబుతూనే ఉన్నావుగా” అంటూ రొట్టె దించింది. చివరికి పట్టుకారుతో పొయ్యిలో ఒక మూల చూపించి, “అక్కడ పెట్టు. నువ్వే పెట్టు, నేను ముట్టను” అంది.

పెట్టి వచ్చేశాను. గుమ్మం దగ్గర తిరిగి చూస్తే ఆమె పొయ్యి ముందు వంగి ఏదో చేస్తోంది. వీపు అడ్డం వచ్చి ఏం చేస్తోందో కనిపించలేదు.

మర్నాడు అట్రాక్టా, జార్లత్ వచ్చారు. పొయ్యి ముందురోజే ఊడ్చేశాను. ఆ బూడిదంతా మూత బిగించిన ఇంకో బకెట్లో వంటింటి మూల పెట్టాను. పాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. వెన్న గిన్నె ఒడిలో పెట్టుకుని, పైన శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చున్నాను. జార్లత్ మర్యాదస్తుడే, కానీ చేతులు ఊరుకోవు. “ఈ బూడిద అడ్డంగా ఉంది, బయట పెడతానమ్మా” అంటూ బకెట్టు అందుకోబోయాడు. కుర్చీని అక్కడికి జరిపి మూత మీద కాలు పెట్టాను.

“బాబూ, దాని జోలికి రాకు.”

అతను అట్రాక్టా వైపు చూశాడు. అట్రాక్టా నా కాలివైపు చూసి, ఒడిలో ఎత్తుగా ఉన్న శాలువా వైపు చూసి, “అది అక్కడే ఉండనీ, జార్లత్” అంది. అప్పుడు నాకు అనుమానం మరీ పెరిగింది. తెలియని మనిషైతే ఎందుకని అడిగేది.

పంకా తిరగడం మొదలైంది. నా జీవితంలో అలాంటి చప్పుడు వినలేదు. ఇల్లు ఊపిరి లోపలికి పీల్చుకున్నట్టు గోడలన్నీ ఈలలు వేశాయి. మెట్ల కింద, కిటికీల చుట్టూ, ఎక్కడ పడితే అక్కడ. చల్లటి పొగగొట్టం మసివాసన మొత్తం గదిలోకి దింపింది. ఈ పంకా గాలితో పాటు ఇంకేం లాగేస్తోందోనని నేను వెన్న గిన్నె గట్టిగా పట్టుకున్నాను. కిటికీలోంచి సబైనా పొగగొట్టం కనిపిస్తోంది. పొగ వస్తోంది. మాది కూడా అందులో ఉందా, లేక ఆమెది ఒక్కటేనా?

జార్లత్ సన్నగా పొగ వచ్చే పుల్ల ఒకటి పట్టుకుని గోడల వెంట తిరిగాడు. కంత ఉన్న చోట పొగ వంగిపోతుంది. పడకగదిలో అలమారు జరిపించి పిలిచాడు. గోడలో గొట్టం వెళ్లే చోట, దాని చుట్టూ నా పిడికిలి పట్టేంత సందు ఉంది. పొగ దాని ముందు పిచ్చెత్తినట్టు తిరిగింది. అక్కడ చేయి పెట్టి చూశాను. నా మెడకు తగిలే చలి అదే. మనిషిని చీకట్లో గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను.

“ఈ గొట్టం ఎవరు వేశారమ్మా?”

ఫెస్టస్ వేశాడు. నీళ్ల గొట్టం లోపలికి తెస్తూ గోడకు కన్నం పెట్టాడు. సున్నం తర్వాత పూస్తానని అలమారు అడ్డం పెట్టాడు. గుడ్లు దొరికిన వేసవే అది. ఆ తర్వాత ఎప్పుడూ పూయలేదు. ఆ చలిని నేను ఇన్నేళ్లూ సబైనా పంపిందనుకున్నాను. ఆయన పనులన్నీ అలాగే ఉండేవి, సగంలో.

ఆవు సంగతి మాత్రం ఆ కన్నంలోంచి బయటపడలేదు.

రెండో తారీఖు పొద్దున్నే బకెట్టు పట్టుకుని సందు దాటాను. సబైనా తలుపు తెరిచే ఉంచింది. పొయ్యిలో చూశాను. నా మూలకూ మిగతా పొయ్యికీ మధ్య ఇటుకలు నిలబెట్టి ఉన్నాయి. అవతల ఆమె నిప్పు, ఇవతల నాది. దేని నివురు దానికి వేరు.

“కలిసిపోకుండా కాపలా కాశా” అంది. “నీ దురదృష్టం నా పొయ్యికి అంటుకుంటే?”

“నా దురదృష్టమా?”

“నా బంగాళాదుంప చేలో గుడ్లు పెట్టింది ఎవరంటావు, పిల్లా? మీ ఆవు ఈచుకుపోయిన ఏడే. ఒక్క మొక్క కూడా బతకలేదు.”

మా అత్తగారు ఎదురింటి వైపు చూసినప్పుడు ఎదురింట్లోంచి ఇటువైపు ఎవరు చూశారో ఎప్పుడూ ఆలోచించలేదు.

“నేను పెట్టలేదు” అన్నాను.

“నేనూ పెట్టలేదు.”

ఇద్దరం ఒకరినొకరు నమ్మలేదు. అప్పుడు ఆమె గొంతు తగ్గించి, “ఆ పంకా మే ఒకటినే పెట్టమన్నది నువ్వేనా? నా కూతుర్ని అడ్డం పెట్టుకుని నా ఇంటి మీదికి ఏదో తెస్తున్నావనుకున్నా” అంది. ఆ తేదీ విన్నప్పటి నుంచీ కూతురితో మాట్లాడటమే మానేసిందట. తర్వాత, “ఏం పట్టుకుపోయారు మీ ఇంట్లోంచి?” అని అడిగింది.

“ఏమీ లేదు. ఫెస్టస్ వదిలేసిన కన్నం దొరికింది.”

“వెన్న?”

“ఒళ్లో పెట్టుకు కూర్చున్నా.”

సబైనా తల ఊపింది. “మంచి పని చేశావు” అంది. నిప్పు నా బకెట్లోకి తనే పట్టుకారుతో తీసింది, చివరి కణిక దాకా.

ఆ వేసవిలో కన్నం పూడ్చారు. వేడి పైకి పోకుండా పైకప్పు కింద మందంగా ఊలు పరిచారు. వేడంతా ఆకాశానికి పంపుతున్నది పొగగొట్టమేనని జార్లత్ చెబితే, పాత పొయ్యిలో గాజు తలుపు ఉన్న ఇనుప పొయ్యి దింపించాను. మా నిప్పుని అందులోకి నేనే మార్చాను. ఇదివరకు ఒక పూటకు సరిపోయే టర్ఫ్ ఇప్పుడు రోజంతా వస్తోంది. గోడ ఆరింది. దగ్గు తగ్గింది. అయినా గాజులోంచి చూస్తూ కూర్చుంటే ఒక్కోసారి ఇది మా నిప్పేనా అనిపించేది. ఇటుకల ఏ వైపుది నా బకెట్లో పడింది? మా నిప్పు ఇంత నిదానంగా ఎప్పుడూ మండలేదు.

అక్టోబరు ఆఖరున వచ్చే సెలవు సోమవారానికి ముందురోజు తలుపు తట్టిన చప్పుడైంది. సబైనా. చేతిలో మూత ఉన్న బకెట్టు. మా ఇల్లు వెచ్చబడ్డదని కూతురు చెబితే నమ్మలేదట. రెండు మూడు సార్లు వచ్చి, ఏదో మిషతో కూర్చుని, పడకగది గోడ చేత్తో తడిమి చూసుకుని వెళ్లింది. రేపు జార్లత్ ఆమె ఇంట్లో పంకా పెట్టడానికి వస్తున్నాడు.

“ఒక్క రోజుకే” అంది. లోపలికి వచ్చి ఇనుప పొయ్యి ముందు నిలబడింది. గాజు తలుపు తెరిచాను. లోపల ఒకటే చిన్న గది. ఇటుక పెట్టే చోటు లేదు, మూల అన్నదే లేదు.

సబైనా లోపలికి తొంగిచూసింది. “ఎక్కడ పెడతావు దీన్ని?”

“ఉన్నది అదొక్కటే.”

వెనక్కి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. వంగి, మూత తీసి, ఒక్కొక్క కణికనూ తనే మా నిప్పు పక్కన పెట్టింది. చూస్తుండగానే ఏది ఎవరిదో తెలియకుండా పోయింది.

నేను తలుపు మూశాను. ఆమె శాలువా తీసి కుర్చీ వీపు మీద వేసి, కుర్చీని పొయ్యికి దగ్గరగా లాక్కుంది.

“రేపు తీసుకెళ్లేదాకా ఇక్కడే కూర్చుంటా” అంది. “నువ్వేం చేస్తావో చూడాలి.”

“చూడు” అన్నాను. నా కుర్చీ కూడా పక్కనే వేసుకున్నాను. నేనూ చూడాలిగా.